బరంపురంలో పుట్టిన ‘రేడియో అన్నయ్య’

రేడియో అన్నయ్య అనగానే డెబ్బై దాటిన తెలుగువాళ్ల ముఖం ఒక్కసారి వెలిగిపోతుంది. బాలానందం, పిల్లల్ని రమ్మని పిలిచే ఆ తొలి పాట, దాని వెనకే ఆప్యాయంగా పలకరించే ఒక మగ గొంతు, పక్కనే ఒక అక్కయ్య. అన్నీ గుర్తొస్తాయి. అన్నయ్య అసలు పేరు న్యాయపతి రాఘవరావు అని చెప్పగలిగేవాళ్లు కాస్త తక్కువ. ఇక ఆయనది ఏ ఊరని అడిగితే ఎక్కువమంది మద్రాసు అంటారు, కొందరు హైదరాబాద్ అంటారు. ఆయన పనిచేసిన ఊళ్లు అవే కాబట్టి వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఆయన పుట్టింది బరంపురంలో. 1905 ఏప్రిల్ 13న.

బరంపురం పేరు చెప్తే పట్టుచీరలు, పచ్చళ్లు, అప్పడాలు గుర్తొస్తాయి. పెద్దవాళ్లను లెక్కపెట్టమంటే రాష్ట్రపతి వి.వి.గిరి పేరు ముందొస్తుంది. ఆయన 1894లో అక్కడే పుట్టారు. సాహిత్యం తెలిసినవాళ్లు తాపీ ధర్మారావు పేరు కలుపుతారు. ఆయనదీ పుట్టుక అక్కడే, 1887లో. ఈ వరసలో మూడో పేరు రాఘవరావుది. మొదటి ఇద్దరూ పెద్దల లోకంలో పేరు తెచ్చుకుంటే ఈయన పిల్లల లోకంలో తెచ్చుకున్నారు. అందుకే కాబోలు, లెక్కలోకి రావడం ఆలస్యమైంది. పిల్లల కోసం పనిచేసినవాళ్లను ఆ పిల్లలు పెద్దయ్యాక ప్రేమగా తలుచుకుంటారు గానీ చరిత్ర రాసేటప్పుడు మాత్రం పక్కన పెట్టేస్తారు. తెలుగులో ఇది మామూలే.

ఊరు అక్కడే ఉంది, గీత మారింది

రాఘవరావు పుట్టిననాటికి బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గంజాం జిల్లాలో పెద్ద ఊరు. ఒడియా, తెలుగు రెండూ వీధుల్లో కలిసి వినిపించేవి. ఒకింట్లో ఒకటి, పక్కింట్లో ఇంకొకటి, బజారులో రెండూ. చదువుకున్న తెలుగు కుర్రాడు పై చదువుకో ఉద్యోగానికో విజయనగరం, విశాఖపట్నం, ఇంకా దూరమైతే మద్రాసు వైపు చూడటం ఆ రోజుల్లో సహజం. మద్రాసే రాజధాని. కోర్టులు, పత్రికాఫీసులు, పెద్ద కాలేజీలు అన్నీ అక్కడే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లిపోయాయి. తమ భాషవాళ్లందరికీ ఒక రాష్ట్రం కావాలని ఒడియావాళ్లు ఎన్నో ఏళ్లుగా అడిగి సాధించుకున్నది అది. తెలుగువాళ్లకు మాత్రం నిన్నటిదాకా ఉన్న ఊరు ఇవాళ పరాయి రాష్ట్రమైంది. పర్లాకిమిడిలో జీవితమంతా గడిపిన గిడుగు రామమూర్తి పంతులు ఆ మార్పు భరించలేక ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి ఆయనకు డెబ్బై మూడేళ్లు దగ్గరపడుతున్నాయి. అందరూ అలా రాలేదు, రాలేరు కూడా. ఎక్కువమంది ఉన్నచోటే ఉండి, పిల్లలకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు అని సర్దుకున్నారు. ఆ సర్దుబాటు ఈ పేజీ చదివే చాలా ఇళ్లలో నేటికీ నడుస్తున్నదే. పక్క భాష ఒకచోట కన్నడం, ఒకచోట తమిళం, ఇంకోచోట మరాఠీ. అంతే తేడా.

పుట్టిన ఊరు రాష్ట్రం మారేనాటికి రాఘవరావుకు ముప్ఫయి ఒకటి నిండబోతున్నాయి. ఆ తర్వాత రెండేళ్లకు మద్రాసులో రేడియో కేంద్రం మొదలైంది. ఈ రెండు సంగతులకూ నేరుగా సంబంధం లేదు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన చేసిన పని విలువ ఇంకాస్త బాగా తెలుస్తుంది.

మద్రాసు మైకు ముందు

మద్రాసులో రేడియో ముచ్చట అంతకు చాలా ముందే మొదలైంది. 1924లో కొందరు ఔత్సాహికులు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టి నడిపారు. డబ్బు చాలక అది మూతపడ్డాక ఆ పనిముట్లు కార్పొరేషన్ చేతికి వచ్చాయి. 1930 నుంచి కార్పొరేషనే రోజూ సాయంత్రం పాటలు వినిపించేది. అసలైన ఆకాశవాణి కేంద్రం మాత్రం 1938 జూన్ 16న మొదలైంది. తమిళం, తెలుగు రెండు భాషలకూ అదే కేంద్రం. విజయవాడ కేంద్రం వచ్చింది 1948 డిసెంబరులో గనక పదేళ్లపాటు బ్రిటిష్ ఇండియాలోని తెలుగువాళ్లకు రేడియో అంటే మద్రాసే. నైజాంలో దక్కన్ రేడియో వేరే ఉండేది.

ఆ తొలి ఏళ్లలోనే పిల్లల కార్యక్రమం రాఘవరావు చేతికి వచ్చింది. బడిపంతులు పని, పత్రికాఫీసు పని రెండూ చూసి వచ్చినవాడాయన. ఆయనకు జోడీ భార్య కామేశ్వరి. 1908లో పుట్టి, ఆడపిల్లకు హైస్కూలు చదువే గొప్ప అనుకునే కాలంలో డిగ్రీ దాకా చదివిన మనిషి. ఇద్దరూ కలిసే మైకు ముందు కూర్చునేవారు. ఆయన అన్నయ్య, ఆవిడ అక్కయ్య. వరస ప్రకారం చూస్తే అన్నయ్య భార్య వదిన కావాలి. పిల్లలకు ఆ లెక్క అక్కర్లేకపోయింది! ఆయన అన్నయ్యే, ఆవిడ అక్కయ్యే. వాళ్లిద్దరూ భార్యాభర్తలన్న సంగతి తర్వాత సంగతి.

ఈ అన్నయ్య అన్న పిలుపు దగ్గర కాస్త ఆగాలి. పిల్లలకు రేడియోలో మాట్లాడేవాడు ఎవరు కావాలి? ఇంగ్లండులో బీబీసీ 1922 నుంచి అంకుల్, ఆంటీ అనే వరసలు వాడింది. మన దగ్గరైతే మాస్టారు కావచ్చు, తాతయ్య కావచ్చు, మామయ్య కావచ్చు. మాస్టారు అంటే బెత్తం గుర్తొస్తుంది. తాతయ్య అంటే నీతికథలు. అన్నయ్య అలా కాదు. ఇంట్లో పెద్దవాళ్లకూ పిల్లలకూ మధ్య మనిషి. అమ్మకు చెప్పలేనిది అన్నయ్యకు చెప్పుకోవచ్చు, అన్నయ్యతో పోట్లాడొచ్చు, అలగొచ్చు. తప్పు దిద్దినా ఆ దిద్దడంలో భయం ఉండదు. తమిళ పిల్లలకూ వానొలి అణ్ణా ఒకాయన ఉండేవారు. అంటే ఈ వరస మనవైపు ఇళ్లకు సరిగ్గా అతికిందన్నమాట.

టేపు రికార్డర్లు ఇంకా రాని రోజులవి. కార్యక్రమం అంటే నేరుగా గాలిలోకే. పిల్లలు స్టూడియోకి వచ్చి పాడాలి, పద్యం చెప్పాలి, నాటిక వెయ్యాలి. ఒకడు మాట మరిచిపోతాడు, ఒకతె మైకు చూసి బిక్కచచ్చిపోతుంది, చిన్నవాడెవడో మధ్యలో మంచినీళ్లు అడుగుతాడు. పెద్దల కార్యక్రమంలో అయితే ఇలాంటివి గందరగోళం. పిల్లల కార్యక్రమంలో వాటిని సర్దుకుంటూ, ఎవరినీ చిన్నబుచ్చకుండా ముందుకు తీసుకుపోవడమే నిర్వాహకుడి పనితనం. బడిలో పాఠాలు చెప్పిన అనుభవం ఆయనకు ఇక్కడ అక్కరకొచ్చింది. అయితే ఆయన రేడియోలో బడి పెట్టలేదు. తేడా అదే.

రాతలో గొడవ, నోట్లో తీరింది

ఆయన మాట్లాడిన తెలుగు గురించి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో గ్రాంథికమా, వ్యావహారికమా అన్న తగాదా ఇంకా చల్లారలేదు. బడి పుస్తకాలు ఒక తెలుగులో, ఇంట్లో మాట్లాడేది ఇంకో తెలుగులో. పిల్లలకు అర్థంకాని భాషలో చదువు చెప్పడం తగదని పర్లాకిమిడిలో కూర్చుని గిడుగు పంతులు ఏళ్ల తరబడి వాదించారు. ఆయన 1940 జనవరిలో కన్నుమూశారు. సరిగ్గా ఆ ఏళ్లలోనే, పర్లాకిమిడికి ఎంతో దూరంలో లేని బరంపురంలో పుట్టిన మనిషి మద్రాసు మైకులో పిల్లలతో మామూలుగా, ఇంట్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడేస్తున్నాడు. వాదన లేదు, వ్యాసం లేదు. పుస్తకంలా మాట్లాడితే అయిదేళ్ల పిల్ల రేడియో దగ్గర్నుంచి లేచి ఆటకు పోతుంది. ఆ ఒక్క కారణం చాలు. వాడుక భాష గెలిచిన కథ చెప్పేటప్పుడు పత్రికల్ని, కథకుల్ని తలుస్తాం, పిల్లల రేడియోను తలవం. కానీ రాయడం ఇంకా రాని పిల్లల చెవిలో మంచి వాడుక తెలుగు వేసింది అదే.

దీని లాభం ఎక్కువగా కలిగింది ఎవరికి? కృష్ణా జిల్లాలో పిల్లవాడికి చుట్టూ తెలుగే. రేడియో లేకపోయినా వాడి భాషకు కొదవ లేదు. బరంపురంలోనో, బళ్లారిలోనో, హోసూరులోనో పెరిగే పిల్లకు అలా కాదు. ఆ పిల్ల వినే తెలుగు అమ్మా నాన్నా నాయనమ్మల తెలుగే. బడిలో లేదు, అంగట్లో సగమే ఉంది. అలాంటి ఇంట్లో పెట్టెలోంచి ఒక అన్నయ్య తెలుగులో పిలిస్తే, ఇంకెక్కడో ఉన్న తెలుగు పిల్లలు అదే భాషలో పాడుతుంటే, ఇది మా ఇంట్లో మాత్రమే మాట్లాడుకునే భాష కాదన్నమాట అని ఆ పిల్లకు తెలుస్తుంది. ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేని ధైర్యం అది.

వినపడటం కూడా అంత తేలిక కాదు లెండి. రేడియో ఉన్న ఇల్లు వీధికి ఒకటుంటే గొప్ప. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. మేడమీద కర్రలు పాతి ఏరియల్ తీగ లాగాలి. మద్రాసు కేంద్రానికి మీడియం వేవ్‌తో పాటు షార్ట్ వేవ్ కూడా ఉండేది కాబట్టి దూరాలకు అందేది. అందినా బరబర, గరగర. అయినా ఇంటాయన ముల్లు తిప్పుతుంటే చుట్టుపక్కల పిల్లలంతా కిటికీ దగ్గర చేరేవాళ్లు. రేడియో ఉన్న ఇంటివాళ్ల పిల్లలకు ఆ గంటసేపు వీధిలో భలే పరపతి!

సంఘం, ఆ తర్వాత ‘బాల’

రేడియోలో ఒక చిక్కుంది. విన్నవాడు మళ్లీ మాట్లాడలేడు. స్టూడియోకి రాగలిగేది మద్రాసు పిల్లలే. దీన్ని దాటడానికి రాఘవరావు దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం మొదలుపెట్టారు. పిల్లలు కలుసుకుని ఆడుకోవడానికి, పాడుకోవడానికి, నాటకాలు వేసుకోవడానికి ఒక చోటు. పెద్దల సంఘాలకు లోటులేని కాలం. ఆడవాళ్లకు సమాజాలు, కులాలకు సంఘాలు, పుస్తకాలకు గ్రంథాలయోద్యమం, అన్నీ ఉన్నాయి. పిల్లలకని విడిగా ఒక సంఘం ఉండాలన్న ఆలోచనే తెలుగులో కొత్త. ఆ దంపతులకు సొంత పిల్లలు లేరు. ఆ మాట చెప్పి జాలిపడేవాళ్లుంటారు గానీ, వాళ్లిల్లు ఎప్పుడూ పిల్లలతో కిటకిటలాడుతూనే ఉండేది.

1945 ఆగస్టులో ‘బాల’ పత్రిక వచ్చింది. ప్రపంచ యుద్ధం అప్పుడే ముగుస్తోంది, కాగితం దొరకడం గగనం. అలాంటప్పుడు పిల్లల పత్రిక పెట్టడం సాహసమే. ‘చందమామ’ వచ్చింది 1947 జులైలో. అంటే ‘బాల’ దానికంటే దాదాపు రెండేళ్లు పెద్దది. ఆ తర్వాత ‘చందమామ’ ఎంత ఎత్తుకు ఎదిగిందో అందరికీ తెలుసు. రంగుల బొమ్మలు, పకడ్బందీ కథలు, పన్నెండు దాకా భాషలు. ‘బాల’కు అంత హంగు లేదు. కానీ ఒక విషయంలో మాత్రం ‘బాల’దే పైచేయి. ‘చందమామ’ పెద్దలు పిల్లల కోసం రాసిన పత్రిక. ‘బాల’లో పిల్లలు కూడా రాశారు. వచ్చీరాని రాతను కూడా గౌరవంగా అచ్చువేసిన సంపాదకుడు రాఘవరావు.

దానికి సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. తండ్రి పోయాక తల్లి వెంట ధవళేశ్వరం నుంచి మద్రాసు చేరి, కటకటగా బతుకుతున్న పద్నాలుగేళ్ల కుర్రాడొకడు ‘బాల’కు కథ రాశాడు. పేరు ‘అమ్మ మాట వినకపోతే’. 1945లో అచ్చయింది. ఆ కుర్రాడు ముళ్లపూడి వెంకటరమణ. అదే రోజుల్లో, ఇంకా పన్నెండు నిండని మరో కుర్రాడు ‘బాల’కు బొమ్మలు వేశాడు. వాడు బాపు. తెలుగువాళ్లు నవ్వే తీరును మార్చేసిన ఆ జంట మొదటి అచ్చుకాగితం రాఘవరావుది. పేరు అచ్చులో చూసుకోవడమంటే ఆ వయసులో ఏమిటో, పైగా జేబులో కానీ లేని వయసులో ఏమిటో, ఊహించుకోవచ్చు. బుడుగులాంటి పిల్లవాణ్ణి 1950ల్లో రమణ సృష్టించగలిగాడంటే, పిల్లలు ఎలా మాట్లాడతారో అలాగే రాయొచ్చన్న నమ్మకం ఆయనకు చిన్ననాడే ఎవరో ఇచ్చి ఉండాలి కదా!

‘బాల’ 1959 దాకా నడిచి ఆగిపోయింది. పద్నాలుగేళ్లు. వెనక పెద్ద కంపెనీ లేకుండా, పిల్లల చందాల మీద నడవాల్సిన పత్రికకు అది తక్కువ ఆయుష్షు కాదు. కానీ మన దగ్గర పిల్లల పత్రికలు పోవడం ఎప్పుడూ ఒకేలా జరుగుతుంది. పెద్దలు వాటిని మెచ్చుకుంటారు, చందా మాత్రం కట్టరు.

రాష్ట్రాలు మారినా

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. అదే ఏడాది బళ్లారి మైసూరు వైపు వెళ్లింది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మద్రాసులో పాతుకుపోయిన తెలుగు పత్రికలవాళ్లు, రచయితలు, కళాకారులు ఒక్కొక్కరుగా ఏ ఊరు వెళ్లాలా అని లెక్కలు వేసుకున్న కాలం అది. రాఘవరావు దంపతులు హైదరాబాద్ చేరుకున్నారు. బాలానంద సంఘాన్ని వెంట తెచ్చుకున్నారు. హైదరాబాద్ ఆకాశవాణిలో మళ్లీ పిల్లల కార్యక్రమాలు చేపట్టారు. యాభై దాటాక కొత్త ఊళ్లో మొదటినుంచీ మొదలుపెట్టడం.

ఒక జీవితకాలంలో ఆయన ఊళ్లు ఎలా మారాయో చూడండి. పుట్టిన బరంపురం ఒరిస్సాకు వెళ్లింది. పేరు తెచ్చుకున్న మద్రాసు తమిళులకు మిగిలింది. మూడోది హైదరాబాద్. ఆయన వదిలి వచ్చిన రెండుచోట్లా తెలుగువాళ్లు మిగిలిపోయారు. తెలుగు రాష్ట్రం వచ్చిందన్న సంబరంలో అవతల మిగిలినవాళ్ల పిల్లల సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ. వాళ్లకోసం ప్రభుత్వాలు చేసిన కమిటీల కన్నా, రాత్రిపూట మీడియం వేవ్‌లో సరిహద్దు దాటి వచ్చే తెలుగు మాటే ఎక్కువ పని చేసింది. చీకటి పడితే ఆ తరంగాలు ఆకాశంలో పైపొరలను తాకి వెనక్కి వచ్చి చాలా దూరం పోతాయి. పగలు వినిపించని స్టేషను రాత్రి వినిపించేది అందుకే. దానికి చెక్‌పోస్టు లేదు.

హైదరాబాద్‌లో ఈ జంట ఇంకో తరాన్ని పెంచింది. మద్రాసులో బాలానందం విన్న పిల్లలు తల్లిదండ్రులై, తమ పిల్లలను చెయ్యి పట్టుకుని హైదరాబాద్ స్టూడియోకు తీసుకొచ్చిన రోజులూ వచ్చాయి. వాళ్లకూ ఆయన అన్నయ్యే, వాళ్ల పిల్లలకూ అన్నయ్యే. జుట్టు నెరిసినా వరస మారలేదు. తాతయ్య వయసులో అన్నయ్య అనిపించుకోవడం ఎంతమందికి దక్కుతుంది?

కామేశ్వరి 1980లో వెళ్లిపోయారు. దాదాపు నలభయ్యేళ్లు ఒకే మైకు ముందు, ఒకే సంఘంలో, ఒకే పత్రికలో కలిసి పనిచేసిన తోడు. ఆవిడ పని గురించి విడిగా రాసినవాళ్లు తక్కువ. అన్నయ్య పేరు ముందు, అక్కయ్య పేరు తర్వాత. ఇది మాత్రం సరిచెయ్యాల్సిన విషయమే. పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని, రేడియో స్టేషనుకు పంపడానికి 1940ల్లో తల్లులు ఒప్పుకున్నారంటే అక్కడ అక్కయ్య ఉందన్న భరోసాతోనే.

నాలుగేళ్ల తర్వాత, 1984 ఫిబ్రవరి 24న, రాఘవరావు కన్నుమూశారు. అప్పటికే పట్టణాల్లో ఇళ్ల మీద టీవీ యాంటెనాలు లేస్తున్నాయి, రేడియో పెట్టె ముందుగదిలోంచి వంటింట్లోకి మారుతోంది. అయినా హైదరాబాద్ కేంద్రంలో బాలానందం ఆగలేదు. తురగా జానకీరాణి దాన్ని అందుకుని ఏళ్ల తరబడి నడిపారు. 2014లో ఆవిడ పోయినప్పుడు పత్రికలు రాసిన పేరు రేడియో అక్కయ్య అనే.